ఇంటి దగ్గర మారుతి 800 ఇంజన్ విప్పి కట్టడం: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్లగొండ. మా నాయిన కొన్న ఏపీ 24 నంబరు మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాని ఇంజన్‌ను రెండుసార్లు ఇంటి ముందర వేపచెట్టు కింద దించి విప్పి కట్టాను. మొదటిసారి సాగర్ రోడ్డులో హాలియా దాటాక మే నెల ఎండకు కాగిపోయి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పొర) పోయింది. రెండోసారి నా పొరపాటు వల్ల. ఆ పొరపాటు ఏమిటో కింద చెప్తాను, ఎందుకంటే అది ఎవరైనా చేసేదే. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, మహబూబ్‌నగర్ వైపు చుట్టాలు అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇంజన్ పని నిజంగా ఇంటి దగ్గర అవుతుందా?

సగం అవుతుంది. విప్పడం, కడగడం, కొలవడం, తిరిగి కట్టడం ఇంట్లో చేసుకోవచ్చు. బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను కాస్త పెద్దది చేయడం, దీన్నే రీబోర్ అంటారు), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును నున్నగా అరగదీయడం), హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం), వాల్వ్ సీటు కటింగ్ (వాల్వు కూర్చునే అంచును సరిచేయడం) మాత్రం మెషిన్ ఉన్న చోటే చేయించాలి. అక్కడ పట్టుదల, ఓపిక పనికిరావు, మెషినే కావాలి. అయితే మెషిన్ షాపుకు ఏ పని ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో మీరు కొలిచి తెలుసుకుని వెళ్తే ఆ షాపులో మాట వేరుగా ఉంటుంది. "ఇంజన్ ఖరాబైంది, చూడండి" అని ఇస్తే వాళ్లకు తోచింది చేస్తారు. "రెండో సిలిండర్ పైన ఇంత అరిగింది, మూడింటికీ 0.50 మి.మీ. పెద్ద బోరు కొట్టండి" అంటే అదే చేస్తారు.

వేరే కార్లు ఉండగా మారుతి 800 ఎందుకు?

నేర్చుకునేవాళ్లకు ఇంత తేలికైన కారు ఇంజన్ మన దగ్గర మరొకటి దొరకదు. మూడు సిలిండర్లు, సిలిండర్‌కు రెండు వాల్వులు, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఒకటే, దాన్ని తిప్పేది టైమింగ్ బెల్ట్. బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 68.5 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72 మి.మీ.; లెక్క కడితే మూడు సిలిండర్లకు కలిపి 796 సీసీ వస్తుంది. సుజుకీ వాళ్లు దీనికి పెట్టిన పేరు ఎఫ్8బి. 10, 12, 14, 17 పానాలు ఉంటే బండిలో చాలావరకు విప్పేయొచ్చు.

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆగింది. హైదరాబాద్‌లో అంతకు ముందే, 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 అనే పొగ కాలుష్య నిబంధన రావడంతో కొత్తవి అమ్మడం ఆపేశారు. మన జిల్లాల్లో ఆ తర్వాత కూడా అమ్మారు. అందుకే నగరంలో కంటే మన దగ్గర కాస్త కొత్త మోడళ్లు కనిపిస్తాయి. ముప్పై ఏళ్లు తయారైన బండి కాబట్టి సామాన్లకు కరువు లేదు.

ఒక్క జాగ్రత్త. మధ్యలో కొంతకాలం 12 వాల్వులు, 5 గేర్లు ఉన్న మోడల్ కూడా వచ్చింది. దాని హెడ్ వేరు, గ్యాస్కెట్ సెట్ వేరు. సామాను కొనడానికి వెళ్లేటప్పుడు మీ బండి ఏ ఏడాదిదో, పెట్రోలును గాలితో కలిపేది పాత పద్ధతి కార్బురేటరా, కంప్యూటర్‌తో చిమ్మే ఎంపీఎఫ్ఐనా చెప్పండి.

బండి పొగ వదులుతోంది. ఇంజన్ దించాల్సిందేనా?

తొందరపడకండి. ముందు పొగ రంగు చూడండి. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ చూసుకుంటే సరిపోతుంది, ఇంజన్ విప్పే పని లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే నీళ్లు సిలిండర్లోకి పోతున్నట్టు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది.

నీలం పొగలోనూ రెండు రకాలు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క బుస్సు కొట్టి తర్వాత ఆగిపోతే, లేదా దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కగానే వస్తే, అది ఎక్కువగా వాల్వ్ సీళ్లు, గైడ్లు అరిగినందువల్ల. హెడ్ ఒక్కటి విప్పితే చాలు. ఎక్కుడులో తొక్కుతున్నంతసేపూ వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు అనుమానించాలి.

అనుమానంతో ఇంజన్ దించకూడదు. సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూపే కంప్రెషన్ గేజ్ పట్టండి. ఇంజన్‌ను కాస్త వేడి చేసి, మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ వైరు పీకేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకుంటే అంకెలు అబద్ధం చెప్తాయి. మూడు సిలిండర్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె లేచిందా, రింగులో బోరులో అరిగాయి. ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. లేవలేదా, వాల్వు కూర్చోవడం లేదు, లేదా గ్యాస్కెట్ పోయింది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ తెగినట్టే అనుకోవచ్చు.

ఈ పరీక్షకు అరగంట పట్టదు. ఇది చేయకుండానే "ఫుల్ ఇంజన్ పని" అని దించేసిన బండ్లను నేను చూశాను. ఆ డబ్బు కుటుంబాలకు చిన్నది కాదు.

మన నీళ్లకూ ఇంజన్‌కూ ఏం సంబంధం?

మన జిల్లాలో ఇంజన్లు పోవడానికి నేను చూసినంతలో మొదటి కారణం నీళ్లే. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మనుషుల ఎముకలు, పళ్లు దెబ్బతిన్న ఊళ్లు మనవి. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే అంటారు. అయితే రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు కాగబెట్టే బిందె అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, గోరుతో గీకినా రాదు. అదే పొర సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే దారుల్లో, రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతుంది. ఆ పొర వేడిని దాటనివ్వదు. బండి ఊళ్లో తిరిగినంతకాలం ఏమీ తెలియదు. 44 డిగ్రీల ఎండలో నలుగురిని ఎక్కించుకుని అరవై కిలోమీటర్లు పోతే అప్పుడు బయటపడుతుంది.

మా బండికి జరిగింది ఇదే. దారిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఎక్కడ బోరు కనబడితే అక్కడ పట్టి పోశాం. ఇంజన్ విప్పాక బ్లాక్ నీళ్ల దారుల్లోంచి చెక్కపొట్టులాంటి తెల్లటి పెళ్లలు గుప్పెడు రాలాయి.

ఇప్పుడు చాలా ఊళ్లకు భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నాయి, తాగడానికి అవి మేలు. రేడియేటర్‌కు మాత్రం అవీ వద్దు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. కలిపే పాళ్లు కూలెంట్ డబ్బా మీదే ఉంటాయి. మనకు గడ్డకట్టే చలి ఉండదు కదా, కూలెంట్ ఎందుకని అడుగుతారు. కూలెంట్ తుప్పును ఆపుతుంది, నీళ్లు మరిగే వేడిని పెంచుతుంది. మనకు ఆ రెండూ కావాలి.

ఇప్పటికే పొర కట్టి ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి, ఇంజన్ కాసేపు నడిపి, చల్లారాక వదిలేసి, మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడగాలి. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమితే మెరిసినట్టే ఇదీ, పులుపు పని చేస్తుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. పొరతోపాటు అల్యూమినియం హెడ్‌ను కూడా తినేస్తుంది.

థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లగా నడుస్తుందంటారు, నిజమేనా?

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోకుండా ఆపే మూత. మన ఎండలకు అది వద్దని చాలామంది మెకానిక్ అన్నలు నమ్ముతారు. నేను ఒప్పుకోను. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ పనిచేయాల్సిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ పెట్రోలు ఎక్కువ పోతుంది, సరిగా కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. బండి కాగుతోందంటే కారణం రేడియేటర్‌లోనో, ఫ్యాన్ స్విచ్చులోనో, మూత రబ్బరులోనో ఉంటుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచితేనే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. రబ్బరు ఎండిపోయిన మూత మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతో తెలిస్తే దాన్ని మార్చకుండా ఎవరూ ఉండరు. థర్మోస్టాట్ పనిచేస్తోందో లేదో పొయ్యి మీద గిన్నెలో వేసి చూడొచ్చు. దాని మీద అచ్చేసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి.

దుమ్ము సంగతి?

రెండో కారణం అదే. మనది గుట్టల జిల్లా. క్రషర్ల పక్క రోడ్లు, కల్లాలు, వడ్ల కొనుగోలు కేంద్రాలు, పాలమూరు ఎర్రమట్టి. రాతి పొడి బోరులోకి పోతే ఎమెరీ కాగితంతో గోడను రుద్దినట్టే. ఎయిర్ ఫిల్టర్‌ను నేలకేసి కొట్టి మళ్లీ పెట్టే అలవాటు మానుకోండి. ఫిల్టర్ కొత్తదే అయినా డబ్బా మూత క్లిప్పు విరిగి సందు ఉంటే దుమ్ము ఆ సందులోంచే పోతుంది. కార్బురేటర్ మూతి లోపల వేలు పెట్టి తుడిచి చూడండి. మట్టి అంటితే మీ ఇంజన్ మట్టి తింటోంది.

ఏ పనిముట్లు కావాలి? ఎక్కడ చేయాలి?

పానాలు, సాకెట్లు చాలామంది దగ్గర ఉంటాయి. కొత్తగా కొనాల్సినవి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా), ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్న రేకులు), కంప్రెషన్ గేజ్. మైక్రోమీటర్, బోర్ గేజ్ ఖరీదైనవి. పాలిటెక్నిక్, ఐటీఐ చదివినవాళ్లు, లేత్ షాపు వాళ్లు తెలిసి ఉంటే వాళ్ల దగ్గరకు బ్లాక్‌ను తీసుకుపోయి కొలిపించుకోవచ్చు.

టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ముప్పై ఏళ్ల అనుభవమున్న చేయి వేరు. మన చేయి వేరు. హెడ్ బోల్టులు ఒక్కో దగ్గర ఒక్కోలా బిగిస్తే అల్యూమినియం వంగుతుంది, గ్యాస్కెట్ మళ్లీ పోతుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెను మూడు విడతల్లో, మధ్యలోంచి బయటికి బిగించుకుంటూ రండి.

చోటు విషయానికొస్తే గాలి కొట్టని మూల, కింద గచ్చు, పైన నీడ ఉంటే చాలు. నేను దసరా నుంచి సంక్రాంతి మధ్య పని పెట్టుకుంటాను. ఎండ తక్కువ, గాలిదుమ్ము తక్కువ. పెళ్లిళ్లకు బండి అడిగేవాళ్లూ కాస్త తగ్గుతారు.

ఇంజన్‌ను చెట్టుకు వేలాడదీయొచ్చా?

నేను వేపచెట్టు కొమ్మకే చైన్ పుల్లీ కట్టాను, కానీ అది మనిషి నడుమంత లావు కొమ్మ. సన్న కొమ్మకు, రేకుల షెడ్డు పైపుకు కట్టకండి. వేలాడుతున్న ఇంజన్ కింద చేయి గానీ కాలు గానీ పెట్టకండి. జాకీ మీద లేపిన బండి కిందికి, ఇటుకలు పెట్టిన బండి కిందికి దూరకండి. ఇటుక పగులుతుంది. స్టాండ్లు కొనండి, లేదా అడుగుకు మందపాటి చెక్క దిమ్మలు పెట్టండి. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఆ తర్వాతే పెట్రోలు పైపు ముట్టుకోండి.

విప్పేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి?

గుర్తుపెట్టుకోకండి, రాయండి. ఫోనులో ఫొటోలు తీయండి. ప్రతి వాక్యూమ్ పైపుకు, వైరుకు టేపు అంటించి పేరు రాయండి. బోల్టులను అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ గీసి, ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలో గుచ్చండి.

పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లకు, వాటి మూతలకు 1, 2, 3 అని, ఎటువైపు ఎటో తెలిసేలా గుర్తు పెట్టాలి. ఒకదాని మూత ఇంకొకదానికి వేస్తే గుండ్రం చెడుతుంది, బేరింగ్ పట్టేస్తుంది. పిస్టన్ బయటికి తోసేముందు రాడ్డు బోల్టులకు రబ్బరు పైపు ముక్కలు తొడగండి, లేదంటే క్రాంక్ మీద గీత పడుతుంది. హెడ్ బోల్టులను ఇంజన్ పూర్తిగా చల్లారాకే, బయటినుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయండి. అతుక్కున్న గ్యాస్కెట్‌ను ఉలితో గీకకండి.

రింగులు మారిస్తే చాలదా? రీబోర్ ఎందుకు?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దీని జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర కూడా లేదు, గేజ్ దగ్గర ఉంది. మొదటిసారి బ్లాక్ తీసుకుని బోరింగ్ షాపుకు పోయినప్పుడు అక్కడి పెద్దాయనను, అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆయనను, ఇదే అడిగాను. "నన్ను అడగకు బిడ్డా. గేజ్ జెప్పినంక నేను జెప్త" అన్నాడు. అప్పటికి చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు నన్ను అడిగేవాళ్లకు నేనూ అదే మాట చెప్తున్నాను.

సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పిస్టన్ పైకి వచ్చి ఆగే చోట, మొదటి రింగు నిలిచే దగ్గర ఎక్కువ అరుగుతుంది. అక్కడ వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. దాని పైన, రింగు తాకని చోట చిన్న అంచు మిగిలిపోతుంది, గోరుకు తగులుతుంది. పిస్టన్ పక్కకు నెట్టే దిక్కున అరుగుడు ఇంకాస్త ఎక్కువ. అందుకే ప్రతి సిలిండర్‌ను పైన, మధ్యన, కింద, ఒక్కో ఎత్తులో రెండు దిక్కుల్లో కొలవాలి. సిలిండర్‌కు ఆరు, మొత్తం పద్దెనిమిది కొలతలు. కాగితం మీద గళ్లు గీసి రాయండి. పైకీ కిందికీ తేడా, ఆ దిక్కుకూ ఈ దిక్కుకూ తేడా మిల్లీమీటరులో పదో వంతుకు చేరిందంటే కొత్త రింగులు పనికిరావు. రింగు గుండ్రంగా ఉంటుంది, బోరు కోడిగుడ్డులా ఉంటుంది, సందులోంచి ఆయిల్ పైకి వస్తుంది. రెండు నెలలు బాగుండి మళ్లీ పొగ మొదలయ్యే బండ్ల కథ ఇదే.

రీబోర్ చేయాలంటే పిస్టన్లు 0.25, 0.50 మి.మీ. ఓవర్ సైజుల్లో దొరుకుతాయి. ఒక్క సిలిండర్ అరిగినా మూడింటికీ ఒకే సైజు కొట్టించాలి. 0.50 కొడితే బోరు 69 మి.మీ. అవుతుంది, ఇంజన్ 808 సీసీ దాకా పెరుగుతుంది. దానివల్ల నడకలో తేడా ఏమీ ఉండదు.

వరుస తప్పకండి. ముందు పిస్టన్లు కొని, వాటిని బ్లాక్‌తో పాటు షాపుకు ఇవ్వాలి. ఉస్తాద్ ఆ పిస్టన్లను కొలిచి, వాటికి సరిపోయేలా బోరు కొడతాడు. పిస్టన్‌కు గోడకు మధ్య సందు మిల్లీమీటరులో నాలుగైదు వందల వంతులు మాత్రమే. పిస్టన్ చూడకుండా కొట్టిన బోరుకు ఆ లెక్క కుదరదు. చివర్లో హోనింగ్ (బోరు గోడను రాయితో రుద్దడం) చేసినప్పుడు గోడ మీద వాలుగా గళ్లగళ్లుగా గీతలు పడాలి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది, రింగులు మాత్రం దానిమీద కుదురుకోవు.

బోరింగ్ షాపు నుంచి తెచ్చాక నేరుగా కట్టేయొచ్చా?

నేను కట్టేశాను. రెండోసారి ఇంజన్ విప్పడానికి కారణం అదే. హోనింగ్ రాయి పొడి, ఇనుప పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటాయి. నేను కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, శుభ్రంగా ఉందనుకున్నాను. నాలుగు వేల కిలోమీటర్లకు మళ్లీ నీలం పొగ. విప్పితే కొత్త రింగుల అంచులు అరిగిపోయి ఉన్నాయి, బేరింగుల్లో సన్న గీతలు. మా నాయిన ఏమీ అనలేదు. కొత్త రింగుల డబ్బాను చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టాడు.

కిరసనాయిలు, పెట్రోలు జిడ్డును తీస్తాయి గానీ ఆ పొడిని తీయవు. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్‌తో తోమాలి. తోమి, కడిగి, మళ్లీ తోమాలి. తెల్ల పంచె ముక్కకు కాస్త ఆయిల్ అద్ది బోరు తుడవండి. గుడ్డ బూడిదరంగుకు తిరిగితే ఇంకా పొడి ఉంది. గుడ్డ తెల్లగా ఉన్నప్పుడే ఆపండి. ఆయిల్ దారులన్నింటిలో సన్న బ్రష్ దూర్చి గాలి కొట్టండి, క్రాంక్ లోపలి రంధ్రాల్లోనూ. ఆరిన వెంటనే ఆయిల్ పూయండి, పోత ఇనుము గంటలోనే తుప్పు రంగు తిరుగుతుంది.

రింగులు, బేరింగులు వేసేటప్పుడు?

ప్రతి రింగునూ ముందు బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా నెట్టి, చివరల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఈ సైజు బోరుకు సాధారణంగా 0.20 నుంచి 0.35 మి.మీ. మధ్య వస్తుంది. మరీ తక్కువైతే వేడికి చివరలు ఒకదానికొకటి తన్నుకుని రింగు విరుగుతుంది. అచ్చు గుర్తు ఉన్న వైపు పైకి ఉండాలి. రింగుల సందులన్నీ ఒకే వరుసలో నిలవకూడదు. పిస్టన్ మీది బాణం గుర్తు టైమింగ్ బెల్ట్ వైపు చూడాలి.

బేరింగ్ సందుకు ప్లాస్టిగేజ్ అనే సన్న మైనపు దారం దొరుకుతుంది. క్రాంక్ మీద ముక్క పెట్టి, మూతను టార్క్‌కు బిగించి, క్రాంక్ తిప్పకుండా మళ్లీ విప్పి, దారం ఎంత వెడల్పుగా నలిగిందో కవరు మీది గీతలతో పోల్చాలి. క్రాంక్ మీద గోరుకు తగిలే గీత ఉంటే గ్రైండింగ్ చేయించి, 0.25 మి.మీ. అండర్ సైజు (సన్నబడ్డ క్రాంక్‌కు సరిపోయే) బేరింగులు వేయాలి. ఇంత చేసి పాత ఆయిల్ పంపు, పాత సీళ్లు పెట్టకండి. క్లచ్ ప్లేటు కూడా ఇప్పుడే చూసుకోండి, గేర్ బాక్సు ఎలాగూ విడిగానే ఉంది.

హెడ్‌కు ఏం చేయించాలి?

ఒకసారి కాగిన ఇంజన్ అయితే హెడ్ వంగిందనే అనుకుని చూడండి. తిన్నటి స్టీలు పట్టీని నిలువుగా, అడ్డంగా, మూలల మీదుగా పెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరితే ఫేసింగ్. వాల్వులను పేస్టు పెట్టి రుద్దాక, హెడ్ బోర్లించి, వాల్వుల చుట్టూ ఉన్న గిన్నెల్లాంటి గుంటల్లో పెట్రోలు పోసి పది నిమిషాలు ఆగండి. పోర్టులోకి (వాల్వు వెనక గాలి, పొగ పోయే దారిలోకి) కారకపోతే సీటు కుదిరింది.

సామాను ఎక్కడ కొనాలి?

బెల్టులు, ఫిల్టర్లు, గ్యాస్కెట్లు నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లోనే దొరుకుతాయి. ఓవర్ సైజు పిస్టన్లు, బేరింగులకు సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి రావడం మేలు, నాలుగు షాపుల్లో పోల్చుకోవచ్చు. నకిలీ సామాను ఉంది. డబ్బా చూసి నమ్మకండి, మైక్రోమీటర్ వెంట తీసుకుపోండి. ఒకే సెట్‌లోని మూడు పిస్టన్లు ఒకే కొలతకు రాకపోతే వెనక్కి ఇచ్చేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

టైమింగ్ బెల్ట్ వేశాక పానాతో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయా చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగండి, బలవంతం చేయకండి. ప్లగ్గు వైర్ల వరుస 1-3-2. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ కొట్టి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా తిప్పండి. అప్పుడే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి.

కొత్త ఇంజన్‌ను ఎక్కడ, ఎలా నడపాలి?

హైవే మీద ఒకే స్పీడుతో పోవద్దు. విజయవాడ రోడ్డు ఎక్కి నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా ఒకే ఊపులో పోతే రింగులు కుదురుకోవు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల లాంటి ఊళ్ల మధ్య రోడ్లు మేలు. స్పీడు పెంచాలి, తగ్గించాలి, గేర్లు మార్చాలి. మొదటి ఐదు వందల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. వెయ్యికి టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) చూసుకోండి. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే ఆలోచన అప్పటిదాకా వాయిదా వేయండి.

ఆర్టీఏకు చెప్పాలా?

అదే బ్లాక్ ఉంచి రీబోర్ చేస్తే ఇంజన్ నంబరు మారదు, ఆర్సీలో మార్పు అక్కర్లేదు. వేరే బండి బ్లాక్ తెచ్చి వేస్తే నంబరు మారుతుంది. ఆర్టీఏలో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి, బ్లాక్ కొన్న బిల్లు, పాత బండి కాగితాలు దాచుకోవాలి. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లకు రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇంజన్ పని పూర్తయి పొగ ఆగాకే ఆ తనిఖీకి పోవడం మంచిది.

పిస్టన్లే లేని రోటరీ ఇంజన్‌ను ఇంట్లో కడుతున్న వీడియోలు చూశాను. అదీ ఇలాగేనా?

ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. దాని నడక వేరు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన అది. 1967 నుంచి మజ్దా కంపెనీ దాన్ని కార్లలో నిలబెట్టింది. పిస్టన్‌కు బదులు ఉబ్బిన త్రికోణం లాంటి రోటర్ తిరుగుతుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్య షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు, క్యామ్, టైమింగ్ బెల్ట్ ఏవీ లేవు. మజ్దా 13బి ఇంజన్‌లో 654 సీసీ గదులతో రెండు రోటర్లు ఉంటాయి. 1991లో లీమాన్స్ 24 గంటల రేసును నాలుగు రోటర్ల మజ్దా 787బి గెలిచింది.

విప్పడానికి అది మన ఇంజన్ కంటే తేలిక, భాగాలు తక్కువ. కష్టమంతా సీళ్లలో ఉంది. రోటర్ మూడు మొనల మీద ఉండే ఏపెక్స్ సీళ్లు మన రింగుల పని చేస్తాయి. అవి అరిగితే కంప్రెషన్ పోతుంది. కాగితే హౌసింగ్ వంగుతుంది. దానికీ వేడే శత్రువు. గోడ మీది పూత లేచిపోతే రీబోర్ చేసే వీలుండదు, హౌసింగే మార్చాలి. మన దగ్గర ఆ సామాను దొరకదు. ఆ తమ్ముడికి నేను చెప్పింది, ముందు ఒక 800 బ్లాక్ తెచ్చుకుని పద్దెనిమిది కొలతలు తీయమని. తీసి పంపించాడు కూడా, గళ్లు గీసిన కాగితం ఫొటో. మూడో సిలిండర్ కొలతలు రెండు తప్పాయి. మళ్లీ తీయమన్నాను.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది?

నాకు మొదటిసారి సెలవు రోజులన్నీ కలిపి రెండు నెలలు. రెండోసారి మూడు వారాలు. అందులో వారం రోజులు బోరింగ్ షాపులో వంతు కోసం ఆగినవే.

తీసేసిన కాలిన ఆయిల్ ఏం చేయాలి?

డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. చెదలు పట్టకుండా కొట్టం గుంజలకు పూసేవాళ్లు ఊళ్లో అడుగుతారు, వాళ్లకు కొంచెం ఇస్తే ఇవ్వండి. మోరీలో, బోరు పక్కన, బావి దరిదాపుల్లో మాత్రం పారబోయకండి.